బూజు రొట్టె ఊరు

జిబ్ ఊళ్లో ఫిద్దా రొట్టెకి వంక పెట్టినవాడు లేడు, ఫిద్దా నోటికి జడవనివాడూ లేడు. పదహారో ఏట పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చింది. కొండ కింద చెలమ నుంచి నెత్తిన కుండతో నీళ్లు మోసింది, ఐదుగురిని కన్నది, తన పొయ్యి తనే కట్టుకుంది.

ఆ పొయ్యి అంటే ఆమెకు ప్రాణం. బంకమట్టిలో గడ్డి, దంచిన పాత పెంకుల పొడి కలిపి కట్టింది. ఊరి దిబ్బ మీద పెంకులకేం కరువు? దొరికిన జాడీ పిడి ముక్కనొకదాన్ని పొయ్యి నోటి అంచులో బలానికని పొదిగింది. అత్త పోతూ పోతూ, "నిప్పు ఆరనివ్వకే" అంది. పేడ, గానుగ పిప్పి కప్పుతూ పందొమ్మిదేళ్లు ఆ నిప్పును కాపాడింది. ఒకరి పొయ్యిలో రొట్టె కాల్చుకునే ఖర్మ ఆమెకు పట్టలేదు.

ఆ వేసవిలో సముద్రాలు దాటి వచ్చిన పండితులు దిబ్బ తవ్వసాగారు. మరిది హమ్దాన్ అక్కడ మేస్త్రీ. ఒక సాయంత్రం రొప్పుతూ వచ్చాడు.

"వదినా, జాడీ పిడి సగం దొరికింది. దాని మీద ఊరి పేరు చెక్కారట. గిబియోను! వాళ్ల పాత గ్రంథంలో ఉన్న ఊరట. పేరు సగమే ఉంది. మిగతా సగం దొరికితే గానీ ఇదే ఆ ఊరని వాళ్లలో ముసలి పండితుడు ఒప్పుకోడట."

ఫిద్దా పొయ్యి వైపు చూసింది. తన పొయ్యి అంచున మసి కింద గీతలున్నాయి. రోజూ వాటి మీదే వేళ్లు ఆనించి రొట్టె తీస్తుంది.

"ఏం ఘనకార్యం చేసిందట ఆ ఊరు?"

"ఏముంది, బూజు పట్టిన రొట్టెలకు పేరుమోసిందట!"

"బూజా! ఈ ఊళ్లోనా! ఏ వెధవ రాశాడది?" అని ఇంతెత్తున లేచింది. ఇక పొయ్యి ఊసే ఎత్తలేదు.

హమ్దాన్‌ది ఎప్పుడూ సగం విని పరిగెత్తుకొచ్చే బుద్ధి. మర్నాడు ఆ కథలో మిగతా సగం మోసుకొచ్చాడు. పూర్వం యెహోషువ అనే నాయకుడి సైన్యం ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుంటూ వస్తోందట. ఈ ఊరివాళ్లు చినిగిన చెప్పులు తొడిగి, బూజు రొట్టెలు మూటగట్టుకుని ఎదురెళ్లి, "బయల్దేరినప్పుడు ఇవి వేడివేడి రొట్టెలు బాబూ, అంత దూరం నుంచి వచ్చాం" అన్నారట. సైన్యం వాళ్లు నమ్మి, చంపబోమని ఒట్టేశారు. మూడు రోజులకు వీళ్లు ఇక్కడివాళ్లేనని గుట్టు బయటపడింది. ఒట్టు తప్పలేక, ప్రాణాలతో వదిలేసి, తమకు నీళ్లు మోయమన్నారు.

ఫిద్దా తన కుండ వంక చూసింది.

"మోస్తే మోశారు. పిల్లలు బతికారుగా" అంది.

లేచి గునపం తీసింది. పెంకు విరక్కుండా ఊడదీయాలంటే పొయ్యి పగలాల్సిందే. నాలుగు పోట్లకు కూలింది. పందొమ్మిదేళ్ల నిప్పు నేలపాలైంది. ఫిద్దా అక్కడే కూలబడి, అత్త పోయిన రోజున ఏడ్చినట్టు ఏడ్చింది.

"పొరుగు ఇంట నిప్పుంది కదా వదినా" అన్నాడు హమ్దాన్.

"నోర్ముయ్. ముందు ఇది పట్టుకెళ్లు."

రెండు ముక్కలూ చక్కగా అతికాయి.

కొత్త పొయ్యి ఆరడానికి పదిహేను రోజులైనా పట్టాలి. పొరుగు గడప తొక్కనని ఫిద్దా పట్టు పట్టింది. ఇంట్లో పాత రొట్టెలే నీళ్లు చల్లుకుని తిన్నారు. పదో రోజున ముసలి పండితుడు హమ్దాన్‌ను వెంటబెట్టుకుని కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు. వచ్చిన అతిథిని రొట్టె పెట్టకుండా పంపడం ఆ ఊళ్లో లేదు. ఫిద్దా సిగ్గుతో చచ్చిపోతూనే, అంచుకు పచ్చగా బూజు తగిలిన రొట్టెను పళ్లెంలో పెట్టి ముందుకు తోసింది.

పండితుడు రొట్టెను చూశాడు, ఆమెను చూశాడు, పడీపడీ నవ్వాడు. బూజు గీకి ముక్క నోట్లో వేసుకున్నాడు.

హమ్దాన్ నోరు విప్పేలోగా ఫిద్దా అందుకుంది.

"ఈసారి దూరం నుంచి వచ్చింది మీరే అయ్యా. మేం ఇక్కడివాళ్లమే."