చెట్టు కోసం తవ్విన గుంత

తాండూరులో నేల ఉండదు, బండ ఉంటుంది. దాని మీద మొహమాటానికి చల్లినట్టు కాస్త మట్టి ఉంటుంది. ఈ సంగతి ఆర్కిటెక్చర్ కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు నేను క్యాంటీన్‌లో ఉండి ఉంటాను.

వికారాబాద్‌లో రైలెక్కి వారానికి రెండుసార్లు తాండూరు వెళ్లి, పన్నెండు కుటుంబాలకు మూడంతస్తుల ఇల్లు కట్టించాను. కట్టించాననడం పెద్దమాట, గీసిచ్చాను. గోడలకు అక్కడి రాయే, ఎండ లోపలికి రాకుండా లోతైన వరండాలు, నడుమ అందరికీ ఉమ్మడిగా ఒక వాకిలి, వాకిలి మధ్యలో వేపచెట్టు. పడమటి గాలి గేటులోంచి వచ్చి, చెట్టు కింద చల్లబడి, పన్నెండు వంటిళ్లకూ సమానంగా అందాలి. ఆ గాలికి దారి గీయడానికే నాకు నెల పట్టింది.

వాకిలి మీద నాకు అంత పట్టుదల ఎందుకంటే, కింది అంతస్తులో ఒక ఇల్లు మా అక్కది. అంతకుముందు ఆమె, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం బస్సు దిగేవాళ్లకు అద్దె ఇంటి ముందు కట్టెల పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఆమె ఇల్లు ఆ పొయ్యి మీదే నడిచేది. అపార్ట్‌మెంటు అంటే మొదట ఒప్పుకోలేదు.

"ఆడ కట్టెల పొయ్యి అంటిస్తే ఫైరింజన్ వస్తదిరా."

"నీ తలుపు వాకిట్లోకే తెరుచుకుంటదక్కా. చెట్టు కింద నీ పొయ్యి. నేను గీస్తున్న గద, ఫికర్ చేయకు."

నమ్మింది. అద్దె ఇల్లు ఖాళీ చేసింది. మరుసటి వారానికే అక్కడ మొబైల్ షాపు వెలిసింది.

వేపచెట్టు పాతాలంటే బండ పగలాలి. మూడు రోజులు మిషన్ పెట్టి, మనిషి నిలువు లోతున గుంత కొట్టించి, యాలాల్ దగ్గర్నుంచి ఎర్రమట్టి తెప్పించి నింపాను. మేస్త్రిని కూర్చోబెట్టి చెప్పాను కూడా: వాడిన నీళ్లు వృథా కావద్దు, అన్నీ చెట్టుకే చేరాలని. ప్లానులో నీలం గీతలన్నీ చెట్టు వైపే గీశాను. ఆ తర్వాత వికారాబాద్‌లో జ్వరంతో పక్షం రోజులు పడుకున్నాను.

తిరిగి వెళ్లేసరికి ఎర్రమట్టి గేటు బయట కుప్పగా ఉంది. వాకిలి మధ్యలో నున్నటి బండ పరిచిన చదరపు గద్దె, దాని మీద నిటారుగా ఒక పైపు. దూరం నుంచి అచ్చం చెట్టులాగే ఉంది. ఆకుల్లేవు, అంతే.

"చెట్టేది?" అన్నాను మేస్త్రితో.

"లెట్రిన్ ట్యాంకు కట్టినం సార్."

"ఇది చెట్టు గుంత."

"గుంతనే గద సార్. ట్యాంకుకు ఎనక జాగ చూపిచ్చినరు, ఆడంత బండ. గిది తవ్వి రెడీగ ఉండె. నీళ్లన్ని గిక్కడికే రావాలని మీరే అంటిరి."

నిజమే, నేనే అన్నాను. ఏ నీళ్లో చెప్పలేదు. అంతవరకు చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

కట్టిస్తున్న యజమాని మాత్రం సంతోషంగా ఉన్నాడు. "ఏపాకు రాలితే ఊడ్సేదెవరు సార్? గిది మస్తుంది. పైన బండకు పాలిష్ గూడ పట్టిచ్చిన."

గృహప్రవేశాలయ్యాయి. గాలి విషయంలో నా లెక్క ఇంచు కూడా తప్పలేదు. పడమటి నుంచి వచ్చింది, వాకిట్లో పైపు దగ్గర ఆగింది, ఉన్నదంతా మూటగట్టుకుని పన్నెండు వంటిళ్లకూ పక్షపాతం లేకుండా పంచింది. వంకాయ కూర వండుకున్న ఇల్లూ, కోడి వండుకున్న ఇల్లూ ఒకే వాసన కొట్టాయి.

అయినా నేను చెప్పినట్టే అక్క వాకిట్లోనే పొయ్యి వెలిగించింది. బస్సు దిగి వచ్చిన ఒకాయన రొట్టె నోటి దాకా తెచ్చి ఆగాడు.

"అక్కా, గీ వాసనేంది?"

"మా తమ్ముని డిజైన్," అంది అక్క, రొట్టె తిప్పుతూ.

ఆయన రొట్టె కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు. మూడో రోజుకు సగం మంది రాలేదు. నాలుగో రోజు కలిపిన పిండి అలాగే మిగిలింది. అక్క ఒక రొట్టె పళ్లెంలో పెట్టి నా ముందుకు తోసింది. "నువ్వు గీసిన జాగలనే చేసిన. తిను." సగం తిన్నాను. మిగతా సగం ఎలా దాచాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

ట్యాంకు పగలగొట్టి వెనక కట్టిద్దామని అందరినీ పిలిచాను. పిలవాల్సిన పనే లేకపోయింది, అప్పటికే గద్దె మీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు కందిపప్పులో రాళ్లు ఏరుతున్నారు, మగవాళ్లు ఫోన్లు చూస్తున్నారు, పిల్లలు పైపు చుట్టూ తిరుగుతున్నారు. ఇరుగుపొరుగు ఒకచోట చేరడం గురించి నేను కాలేజీలో ఎనభై పేజీలు రాశాను. అది నా కళ్ల ముందే జరుగుతోంది, మలం మీద.

"పలగ్గొడితే మల్ల యాడ కూసోవాలె సార్?" అన్నాడు ఒక పెద్దాయన. "బండ సల్లగున్నది. ముక్కుదేముంది, ఆదతైతది."

నిజంగానే అలవాటైపోయింది వాళ్లకు. నాకు అన్నిటికంటే రోత పుట్టించింది అదే.

గేటు పక్కన రేకుల షెడ్డులో నా కారుకని యజమాని ఒక జాగా ఉంచాడు. నేను రైల్లో వచ్చేవాణ్ని కనుక అది నా గౌరవార్థం ఖాళీగా ఉండేది. ఐదో రోజు అక్క ఎవరినీ అడక్కుండా పొయ్యి ఎత్తుకెళ్లి అక్కడ పెట్టింది. గాలికి ఎదురు జాగా, వాసన అంటదు. బస్సు దిగేవాళ్లకు ఎదురుగానే కనబడుతుంది. నెల రోజులు కష్టపడి గాలి దారి గీసిన నాకు ఆ జాగా తట్టలేదు.

యజమాని పరుగున వచ్చాడు. "అమ్మా, గిది సార్ కారు జాగ."

"సార్‌ను కారు తెచ్చి గద్దె మీద పెట్టుకోమను."

ఆయన నా వైపు చూశాడు. ప్లాను తీసి 'కారు' అన్న మాట కొట్టేసి 'పొయ్యి' అని రాశాను. ఆ ప్లానులో గీసినట్టే వాడుకలో ఉన్నది అదొక్కటే. బస్సువాళ్లు మళ్లీ వస్తున్నారు, ముక్కు మూసుకోకుండా.

మొన్న అక్కడికి వెళితే యజమాని ఎదురొచ్చాడు. వికారాబాద్‌లో ఇంకో జాగా తీసుకున్నాడట. "సేమ్ టు సేమ్ గిట్లనే గీయాలె సార్. గా గద్దె మాత్రం మర్శిపోవద్దు."

నేను అక్క షెడ్డు వైపు నడిచాను. అక్క నాలుగు రొట్టెలు కట్టి ఇచ్చింది. రైలు తాండూరు దాటేదాకా విప్పలేదు.