అండాలక్క ఇచ్చిన గేట్‌పాస్

నాచారం పారిశ్రామికవాడ మీదుగా బస్సు వెళ్తుంటే ఇవాళ పొద్దున ఏదో కంపెనీ సైరన్ మోగింది. ఆఫీసుకు ఎన్నింటికి వచ్చావని అడిగేవాళ్లు లేని ఉద్యోగం నాది. అయినా గుండె గుభేలుమంది. సైరన్ ఆగేలోపు గేటు దాటకపోతే ఆ రోజు పని లేదనే భయం ఒంట్లోంచి ఇంకా పోలేదు. ఆ భయంతో పాటే అండాలక్క గుర్తొచ్చింది.

తెలంగాణ రాకముందు మాట. ఇంటర్‌తో చదువాపేసిన నేను అక్కడి ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. మాత్రల షీట్లలో ఖాళీ గూళ్లుంటే చూసి పక్కకు తీయాలి. నా పక్క స్టూలు అండాలక్కది. కీసర నుంచి వచ్చేది. ఆమె నోటికి సూపర్‌వైజరు కూడా జంకేవాడు. మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకునేవారు. పని మధ్యలో బయటికి వెళ్లడానికి నెలకు ఒక్కటే గేట్‌పాస్. చెప్పకుండా మానేస్తే మర్నాడు మన స్టూలు మీద ఇంకొకరుంటారు. పై అంతస్తులో డిగ్రీలు చదివినవాళ్లు కూర్చునేవారు. వాళ్ల పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయేవారు.

"సూడు పద్మా, ఆళ్లకు ఇల్లు గూడ ఆఫీసే. మనం గేటు దాటితె పనే లేదు. జర సదువుకోవే," అనేది అక్క.

అప్పుడు నా కూతురికి రెండేళ్లు. జ్వరమొస్తే ఫిట్స్ వచ్చేవి. ఉప్పల్‌లో పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చేదాన్ని. చేతులు షీట్ల మీద, ప్రాణమంతా గేటు దగ్గరి ఫోన్ మీద. భయపడినట్టే ఒకరోజు వాచ్‌మన్ లోపలికొచ్చాడు. "పాపకు ఫిట్స్ వచ్చినయంట. ఇంటికి రమ్మంటున్రు," అన్నాడు. ఆ నెల నా పాస్ అప్పటికే అయిపోయింది. సూపర్‌వైజరు కుదరదన్నాడు. అండాలక్క లేచి తన పాస్ అతని ముందు పెట్టింది.

"సార్, గిది నాది. పద్మ పేరు మీద రాయుండ్రి. నేను పోను."

కొన్నాళ్లుగా ఆమెకు ఎడమ కన్ను ఒకటే పోటు. ఆ మధ్యాహ్నమే డాక్టరుకు చూపించుకోవాలి. ఆదివారం ఆయన ఉండడు.

"మరి నీ కన్ను, అక్కా?"

"కన్ను యాడికి పోతది? వచ్చే నెల సూపిచ్చుకుంట. నువ్వు ఉరుకు ముందు!"

పాప దక్కింది. మరుసటి నెల అక్క వెళ్తే, కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, ఆ కంటికి ఇక చూపు రాదన్నారు. ఈ సంగతి తెలిస్తే ఆమె పని పోతుంది. అందుకని ఆమె చూసిన షీట్లను చాటుగా నేను మళ్లీ చూసేదాన్ని. వెనక చెప్పుల చప్పుడైతే చాలు, ఇద్దరం బిగుసుకుపోయేవాళ్లం. ఒకరోజు ఆపుకోలేక ఏడ్చేశాను.

"ఏడిస్తె సూపొస్తదా? పుస్తకం దీయి," అని కసిరింది.

భోజనాల వేళ ఆమె పక్కన కూర్చుని చదివే ఓపెన్ డిగ్రీ పూర్తిచేశాను. ఆ డిగ్రీతో ఒక ఆఫీసులో చేరిన కొన్నాళ్లకు పాపకు మళ్లీ జ్వరం వచ్చింది. ఇంటి నుంచి పనిచేయవచ్చా అని మేనేజరుకు మెయిల్ రాశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చేలోపే జవాబు వచ్చింది: "అలాగే. ఇలాంటివాటికి అడగనక్కర్లేదు."

అది చదివి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషం పట్టలేక కాదు. అడగనైనా అక్కర్లేని ఇంత చిన్నదానికి అండాలక్క కన్ను పోయింది.