సాల్వియా గింజలు

బాన్సువాడలో నేను కిరాయికి ఉన్న ఇంటి ఓనరు అక్క రోజూ పొద్దున సాల్వియా పూల కుండీల ముందు కూర్చునేది. వాడిన ఎర్ర కంకిని రెండు వేళ్లతో నలిపి, అరచేతిలో చూసుకుని, “ఇంకా పండలే” అనేది. ఆ చెట్లు నాటిన ఆమె బిడ్డ పూత చూడకుండానే జ్వరంతో పోయింది.

నేను లైబ్రరీలో తోటపని పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. వాడిన కంకులు కత్తిరిస్తే చెట్టు మళ్లీ పూస్తుందని నాకు తెలుసు. అక్క తన బిడ్డ మాసికం పెట్టడానికి సొంతూరు బీర్కూర్ పోయిన రోజు, వచ్చి చూసి సంతోషపడుతుందని, అన్నీ కత్తిరించి చెత్త బండిలో వేశాను.

సాయంత్రం ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది.

“ఏంది తమ్మీ, గిట్ల బోడి చేసినవ్?”

“పుస్తకంల ఉన్నది అక్కా. గిట్ల కోస్తే మల్ల మంచిగ పూస్తయి.”

“పూలేం చేసుకుంట తమ్మీ? గింజలకు ఉంచిన. ఏటా నా బిడ్డ చెట్లే మొలవాలని. నీ పుస్తకంల గింజల ముచ్చట లేదా?”

ఉంది. ఆ పేజీ కూడా చదివాను. కానీ నా మనసంతా పూత మీదే ఉండింది.

చెట్లు మళ్లీ పూశాయి. గింజ పట్టేలోపే ఎండలు ముదిరి మాడిపోయాయి. ఆమె ఎండిన మోళ్లు తీసేసి, ఉత్త మట్టికి నీళ్లు పోయసాగింది.

“ఒక్క గింజన్న రాలి ఉండదా తమ్మీ?” అని అడిగింది.

“ఉంటది అక్కా” అన్నాను.

వానలకు కుండీల నిండా గడ్డి మొలిచింది. ఆమె నన్ను ఒక్క పోచ కూడా పీకనివ్వలేదు.