తేగల వాసన

మా బాబాయి కల్లు గీసేవాడు. ముంత ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ తాటిచెట్టు కల్లో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కరోనాతో వాసన పోయింది. అయినా రోజూ ముంత ఎత్తి చూసి, "ఏం తెల్టం లేదురా" అనేవాడు, తన చావుకబురు తనే చెబుతున్నట్టు.

నేను యానాంలో మందు కొట్లో పనిచేస్తాను. ఒకరోజు, ఘాటుకైనా వాసన తెలుస్తుందేమోనని, టెకీలా, మెజ్కాల్ ఒక్కో గుక్క తెచ్చాను. రెండూ కిత్తలి సారాలే. టెకీలాకి తల అడ్డంగా ఊపాడు. మెజ్కాల్ దగ్గర ఆగిపోయాడు.

"తేగలు కాల్చారేంట్రా?"

పిన్ని ఏడుపు మొదలెట్టింది.

"తేగలు కాదు బాబాయ్, కిత్తలి దుంప."

"కాల్చారా, లేదా?"

"కాల్చారు."

ఇక చాలన్నట్టు నవ్వాడు. చుక్క తాగలేదు, సాయంత్రం దాకా వాసన చూస్తూనే కూర్చున్నాడు.

బాబాయి ఇప్పుడు లేడు. కొట్లో మెజ్కాల్ సీసా మూత తీస్తే నాకూ తేగల వాసనే వస్తుంది. కొనేవాళ్ళకి చెప్పను, వెళ్ళి తేగలే కొనుక్కుంటారు.