బంగారమ్మ వేసిన రెండో దెబ్బ

మా ఏటిగట్టు వీధిలో చేపలమ్మే బంగారమ్మకి పూనకం వచ్చి, నిద్రపోతున్న కన్నకొడుకుని తెడ్డుతో చావబాదిందని ముమ్మిడివరం దాకా చెప్పుకుంటున్నారు. మొన్న ఆటోలో ఎవరో ఒకావిడ ఆ కథ నాకే చెప్పింది, కళ్ళారా చూసినట్టు. పూనకమూ లేదు, వాడు నిద్రపోనూ లేదు. పొద్దున్న ఎనిమిదింటికి, వీధంతా చూస్తుండగా జరిగింది. నేను రేవు మెట్ల మీదే ఉన్నాను.

బంగారమ్మకి యాభై ఏళ్ళుంటాయి. ఎడమ చెవి వినపడదు. మొగుడు బతికున్న రోజుల్లో కొట్టిన దెబ్బకి పోయింది. బేరమాడాలంటే మనం కుడిపక్కకి జరగాలి. ధర తగ్గించమంటే మాత్రం ఆ చెవీ వినపడదు. మొగుడు పోయాక చేపల బేసిను నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, ఒక్కగానొక్క కొడుకు శివాజీని పెంచింది. వాడికి తండ్రి పడవ వచ్చింది. తండ్రి చెయ్యి కూడా వచ్చింది.

రొయ్యల షెడ్డులో తలలు తీసే పుష్పలతని వాడు ఇష్టపడి ఇంటికి తెచ్చుకున్నాడు. చర్చిలో పెళ్ళికి వాడు రానన్నాడు, గుళ్ళో పెళ్ళికి ఆ పిల్ల తరపువాళ్ళు ఒప్పుకోలేదు. పెళ్ళి లేకుండానే కాపురం సాగింది. మగపిల్లాడు పుట్టాడు, చరణ్.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇరవయ్యొకటో రోజున తండ్రి బిడ్డని పడవెక్కించి, మడతపెట్టిన వల మీద పడుకోబెడతాడు. పరాయి బిడ్డని పెడితే ఆ వలకి ఇక చేప పడదంటారు. శివాజీ తన చేతుల్తోనే పడుకోబెట్టాడు. మా అందరికీ బెల్లం ముక్కలు పంచాడు. నేనూ తిన్నాను.

రెండేళ్ళు తిరగకుండా వాడికి వేరే సంబంధం కుదిరింది. అంతే, పుష్పలతని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు.

"ఆ పిల్లోడు నావోడు కాదండోయ్! షెడ్డు సూపర్‌వైజరు నాగసతీష్‌ని అడగండి, చెప్తాడు!" అని అరిచాడు.

ఆ పిల్ల పెదవి చిట్లి జాకెట్టంతా నెత్తురైంది. బంగారమ్మ ఆమెని లోపలికి తీసుకెళ్ళి, కొడుకు బట్టలు మూటకట్టి గుమ్మం బయట పడేసింది. వాడు వేరే చోట చేరాడు. మర్నాడు ఆవిడే పుష్పలతని వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళి, లాయరమ్మ చేత పిల్లాడి భరణానికి కేసు వేయించింది. పెళ్ళి కాకపోయినా కన్నబిడ్డని తండ్రి పోషించాల్సిందేనట. బిడ్డ నాకు పుట్టలేదని వాడు కోర్టులోనూ అన్నాడు. అయితే వాడూ పిల్లాడూ పరీక్షకి రక్తం ఇవ్వాలన్నారు జడ్జిగారు.

రక్తం ఇవ్వాల్సిన పొద్దున్నే వాడు తాగి దిగాడు. పిల్లాడు ఆసుపత్రికి రాకపోతే కేసు కొట్టేస్తారని బ్రాందీషాపు దగ్గర ఎవడో నూరిపోశాడట. అరుగు మీద తల దువ్వించుకుంటున్న చరణ్‌ని రెక్క పట్టి లాక్కున్నాడు. పుష్పలత కాళ్ళకి చుట్టుకుంటే, పడవ నెట్టే గెడతో ఆమె చేతి మీద కొట్టాడు. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. అది నాకు మెట్ల దాకా వినపడింది.

వాడు పిల్లాడితో పడవెక్కేసరికి బంగారమ్మ అందులోనే ఉంది, వల్లోంచి చేపలు ఏరుతూ.

"దింపరా పిల్లోణ్ణి."

"ముందు నువ్వు దిగమ్మా. అవతలి గట్టున వదిలేసొత్తాను. కన్నోడెవడో వచ్చి తీసుకుంటాడు."

"ఈ వల మీద పడుకోబెట్టింది నువ్వేరా."

"వల మీద కుక్కపిల్ల కూడా పడుకుంటాది," అని నవ్వాడు.

పుష్పలత విరిగిన చేతిని రొమ్ముకి అదుముకుని మొలలోతు నీళ్ళలోకి వచ్చేసింది. వాడు పిల్లాణ్ణి మెడ పట్టుకుని ఏటి మీదకి చాపాడు.

"కేసు తీసేత్తానని చెప్పవే! చెప్పు!"

పిల్లాడి ముఖం నల్లబడింది. ఏడుపు కూడా బయటికి రాలేదు. బంగారమ్మ తెడ్డెత్తి వాడి మోకాలి మీద వేసింది. పిల్లాడితో సహా వాడు పడవలోకి కూలిపోయాడు. పడవ అంచు అడ్డం, నాకిక కనపడలేదు. తెడ్డు మళ్ళీ లేవడం చూశాను, దిగిన చప్పుడు విన్నాను. శివాజీ కేక ఏరు దాటి వెళ్ళింది. మేం పరిగెత్తి వెళ్ళేసరికి వాడి మోచేతి దగ్గర ఎముక తెల్లగా బయటికొచ్చి ఉంది. చరణ్ వల మీద దగ్గుతున్నాడు.

శివాజీ రక్తం ఆసుపత్రి మంచం మీదే తీశారు. అక్కడ వాడికి గంజి తాగించింది కూడా బంగారమ్మే. బిడ్డ వాడి బిడ్డేనని కాగితం వచ్చింది, నెలనెలా భరణం కట్టాలని తీర్పూ వచ్చింది. బంగారమ్మ మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తోంది. మొదటి దెబ్బ న్యాయమే, కూలినవాణ్ణి మళ్ళీ కొట్టడమే అన్యాయమని మా వీధిలోనూ అంటున్నారు. ఎస్సైగారు అడిగితే, "కొట్టేనండి" అని ఊరుకుందట.

నిన్న పండుగొప్ప చేప తెచ్చింది. నేను కుడిపక్కన కూర్చున్నాను.

"బంగారమ్మా, ఒక్క దెబ్బకే పడిపోయేడు కదే. పడ్డవాణ్ణి మళ్ళీ ఎందుకు కొట్టేవు?"

పొలుసు గీకుతున్న కత్తి ఆగింది.

"వాడు పడ్డాడండీ. చెయ్యి మాత్రం పిల్లోడి పీక మీంచి తియ్యలేదండీ."