క్యానుకు సరిపోయిన హ్యాండిలు

మా ఆయన నా సైకిలుకు హ్యాండిలు ఎంచిన రోజు నేనూ ఆ అంగట్లోనే ఉన్నాను. దూరంగా కూడా కాదు, పక్కనే, చంకలో సంచి పెట్టుకుని నిలబడి ఉన్నాను. అయినా ఒక్కరూ నా వైపు చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా, బలసముద్రం. ఒకప్పుడు చేనిగట్ల మీద నడిచి ఎక్కడికైనా పోయేవాళ్ళం. చేలన్నీ సోలారు కరెంటు ప్లాంటుకు లీజుకు పోయాక గట్లు కంచెల లోపల పడ్డాయి. మా బండిబాట కూడా లోపలే ఉంది. బయటినుంచి కనిపిస్తుంది, పోవడానికి మాత్రం లేదు. నేను ప్యానెళ్ళు కడిగే పనికి పోయే గేటు సరిగ్గా ఆ బాట చివర ఉంది. గట్టెక్కి నడిచిపోతే వక్కాకు నమిలేలోగా చేరేదాన్ని. ఇప్పుడు కంచె చుట్టూ తారురోడ్డు మీద ఎదురుగాలిలో తిరిగి పోవాలి. అందుకే సైకిలు కావలసి వచ్చింది. మా ఎదురింటి అక్కకూ అదే పని, అదే గేటు. ఇద్దరి మొగుళ్ళూ కలిసి మాట్లాడుకుని, జతగా తీసుకుంటే బేరం కుదురుతుందని, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వై.ఎన్.హొసకోటకు పోయి ఒకే రోజు ఒకే రకం సైకిళ్ళు రెండు కొన్నారు.

ఆ అంగట్లో ఫ్రేముకు ఏ హ్యాండిలు కావాలంటే అది బిగించి ఇస్తారు. రకరకాల హ్యాండిళ్ళు గోడకు పొట్టేలు కొమ్ముల మాదిరి వేలాడుతున్నాయి. మా ఆయన ఒకదాన్ని చేత్తో తట్టి, "ఇది వంకరది, ముసిలోళ్ళు తొక్కేది. మాకొద్దప్పా," అన్నాడు. అంగడాయన వెంటనే సీదాగా ఉన్న హ్యాండిలు ఒకటి దించాడు. ఎదురింటాయన దాన్ని చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇది చూడు, బైకు మాదిరి ఉండాది. చెరోపక్కా ఒక క్యాను తగిలిచ్చినా కదలదు."

క్యాను అంటే నీళ్ళ క్యాను. మా వైపు బోరునీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. తాగితే పళ్ళు పసుపెక్కుతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. అందుకని నీళ్ళు శుద్ధిచేసే ఫిల్టరు దగ్గర క్యాన్లు నింపుకుని తెచ్చుకుంటాం. ఆ ఫిల్టరు మేము పనినుంచి తిరిగొచ్చే దారిలో ఉంది. ఇంకేం, సైకిలు కొనకముందే నీళ్ళు తెచ్చే పని మా ఇద్దరి మీద పడిపోయింది. ఎదురింటాయన పక్క హోటలుకు పోయి నిండు క్యాన్లు రెండు అడిగి తెచ్చి, హ్యాండిలుకు అటొకటి ఇటొకటి తగిలించి, సైకిలును ముందుకూ వెనక్కూ తోసి చూశాడు. ముగ్గురు మగవాళ్ళకూ బాగా నచ్చింది. క్యానుకు సరిపోతుందా అని చూశారుగాని, ఆ హ్యాండిలు మీద ఒకసారి చెయ్యి పెట్టమని మా ఇద్దరిలో ఒక్కరికీ చెప్పలేదు. మాకు టీ ఇప్పించారు. ఆ టీ తాగి మేమూ నోరు మూసుకుని వచ్చేశాం.

సీదా హ్యాండిలు చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అయితే అది నాకు దూరం, పైగా సీటుకన్నా కిందికి. దాన్ని అందుకోవాలంటే ముందుకు వంగాలి. వంగితే ఒంటి బరువంతా అరచేతుల మీదికి వస్తుంది, మణికట్టు వెనక్కి మడుచుకుంటుంది. పొద్దున గాలికి ఎదురు తొక్కి, గేటు దగ్గర దిగి, వెంటనే పొడుగు కర్ర ఉన్న వైపరు పట్టుకుని ఎండ ముదిరేదాకా ప్యానెళ్ళు తుడవాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే హ్యాండిలు, ఈసారి రెండు నిండు క్యాన్లతో. గుంతలో చక్రం పడితే ఆ కుదుపు మోచేతి దాకా కొట్టేది.

కొన్నాళ్ళకు చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తర్వాత తిమ్మిరి పోవడం మానేసింది. జడ వేసుకుంటే పాయలు జారిపోయేవి. మా అత్త వేసిపెట్టేది, వేస్తూ, "ఈ వయసుకేనా?" అని నసిగేది. ఎదురింటి అక్కకు నాకన్నా ముందే మొదలైంది. ఆమె లోటా పట్టుకుంటే రెండు చేతులా పట్టుకునేది.

అందరూ ఒకటే మాట. నీళ్ళు. మా ఆయన నీళ్ళన్నాడు, ఎదురింటాయన నీళ్ళన్నాడు, సూది వేసే ఆయన చెయ్యి అయినా ముట్టుకోకుండా నీళ్ళన్నాడు. మా తాలూకాలో కీలు నొచ్చినా, నడుము పట్టినా, చివరికి కోడలు మాట వినకపోయినా నీళ్ళే. మేమూ అదే నమ్మాం. నమ్మి ఏం చేశాం? తాగడానికే కాదు, అన్నం వండడానికీ, పప్పు ఉడికించడానికీ ఫిల్టరు నీళ్ళే వాడాలని నిర్ణయించుకున్నాం. అంటే ఇంకా రెండు క్యాన్లు. అంటే పొద్దుగూకే ముందు ఇంకో తిరుగుడు. చేతులు బాగవ్వాలని ఆ చేతుల మీదే ఇంకా బరువు వేలాడదీసుకుని తొక్కాం. ఇది రాస్తుంటే పళ్ళు కొరుక్కుంటున్నాను.

పోయిన వానలప్పుడు ఎదురింటి అక్క చేతిలోంచి వైపరు జారి ప్యానెలు మీద పడింది. అద్దం చిట్లింది. సూపర్‌వైజరు అరవలేదు, తిట్టలేదు. రేపటినుంచి రావద్దన్నాడు, అంతే. ఆమె హెల్మెటు, జాకెట్టు గేటులో ఇచ్చేసి, ఆ సైకిలే తొక్కుకుంటూ ఇంటికి వచ్చింది. ఆ రోజు కూడా దారిలో ఆగి నీళ్ళు పట్టుకునే వచ్చింది. అప్పటినుంచి అరుగు మీద కూర్చుని చేతులకు ఆముదం రాసుకుంటూ ఉండేది.

ఆ తర్వాత నా వంతు. నా చేతిలోంచీ వైపరు జారింది. అదృష్టం బాగుండి నేల మీద పడింది. సూపర్‌వైజరు చూశాడు. ఇంకోసారి జారితే నువ్వూ ఇంటికేనని కన్నడంలో నిమ్మళంగా చెప్పాడు. చేను లీజు డబ్బు మా ఆయన పేరున పడుతుంది. దాన్ని నేను అడగను, ఆయన చెప్పడు. నా చేతికి నేరుగా వచ్చేది ఈ జీతం ఒక్కటే. ఊళ్ళో ఇంకో కూలి కూడా లేదు, శనక్కాయ చేలన్నీ అద్దాలయ్యాక. ఈ రెండు వేళ్ళు పోతే నాకు ఈ ఊళ్ళో నాదంటూ చేసుకునే పని ఏదీ మిగలదు.

సరిగ్గా అప్పుడే నా సైకిలు టైరును తుమ్మముల్లు చీల్చేసింది. మా ఆయనకు దాన్ని హొసకోటకు తీసుకుపోయే తీరిక దొరకలేదు. ఎదురింటి అక్క తన కూతురి బడి సైకిలు తీసుకోమంది. ప్రభుత్వం బడిపిల్లలకు ఇచ్చిన సైకిలు అది. కూతురు పావగడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి వసారాలో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. దానికి క్యాన్లు తగిలించడానికి కుదరదు, మోకాళ్ళకు కొట్టుకుంటాయి. అందుకే ఎవరూ వాడలేదు. ఆ కొన్నాళ్ళు నీళ్ళు ఆటోలో తెప్పించుకున్నాం. హ్యాండిలు పైకి లేచి, మళ్ళీ మనవైపుకు వంగి ఉంటుంది. మా ఆయన అంగట్లో వద్దన్న వంకర హ్యాండిలే.

వారం తిరగలేదు. ఒక పొద్దున జడ వేసుకుని, రిబ్బను ముడేసుకుని, జాకెట్టు జిప్పు లాక్కున్నాక గుర్తొచ్చింది, అత్తను పిలవలేదని. చిటికెన వేలు గిల్లి చూసుకున్నాను. నొప్పి తెలిసింది. నొప్పి తెలిసినందుకు ఏడుపొచ్చింది. తాగింది అవే నీళ్ళు, పట్టుకుంది అదే వైపరు. మారింది ఆ సైకిలు, దానికి వేలాడే క్యాన్లు, అంతే.

ఏడుపు తర్వాత కోపమొచ్చింది, మామూలు కోపం కాదు. సెలవు రోజున టైరు చీలిన నా సైకిలును ఆటోలో వేసుకుని ఒక్కదాన్నే హొసకోటకు పోయాను. టైరు వేయించి, "ఈ హ్యాండిలు తీసి, వెనక్కి వంగిండేది వెయ్యన్నా," అన్నాను.

అంగడాయన నవ్వాడు. "మీ యజమాన్ని పిలుచుకోని రామ్మా. ఆయప్ప ఎంచింది నేను పీకేస్తే రేపు నాతో కొట్లాడతాడు." నేను కాదంటున్నా వినకుండా మా ఆయనకు ఫోను చేశాడు. ఫోనులో మా ఆయన గొంతు నాకు వినబడుతూనే ఉంది. "దానికేమీ తెలీదు, అట్లే పంపీ అన్నా."

నేను సైకిలును అంగడి వాకిలికి అడ్డంగా స్టాండు వేసి నిలబెట్టి, దాని మీదెక్కి కూర్చున్నాను. "తొక్కేది ఆయప్ప కాదు, నేను. చేతులు పడిపోయేది నాకు. మారిస్తే పోతా, ల్యాకుంటే ఈడే ఉంటా. నీ అంగట్లోకి ఎవరొస్తారో రానీ," అన్నాను. గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. పక్క హోటల్లో టీ తాగేవాళ్ళు గ్లాసులతోనే బయటికి వచ్చారు. ఒకాయన ఏదో ఎగతాళి మాట అన్నాడు. నేను తిరిగి చూశాక రెండోది అనలేదు.

అంగడాయన విసుక్కుంటూనే హ్యాండిళ్ళు దించాడు. నేను ఎంచిన పద్ధతి నాకు ఎవరూ నేర్పింది కాదు. నడుము నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, భుజాలు వదిలేసి చేతులు ముందుకు చాపాను. అవి వాటంతటవి ఎక్కడ ఆగితే అక్కడికి హ్యాండిలు రావాలి, చేతులు హ్యాండిలు కోసం వెతుక్కుంటూ పోకూడదు. మొదటిది మరీ వెడల్పు, మోచేతులు రెక్కల్లా లేచాయి. రెండోది ఇరుకు, తిప్పితే తొడకు తగిలింది. మూడోది పట్టుకుంటే చేట పట్టుకుని చెరుగుతున్నట్టుంది. మణికట్టు మడవలేదు, అరచేతుల మీద బరువు లేదు. "ఇదే," అన్నాను. బ్రేకు తీగ చాలదన్నాడు. పొడుగుది వెయ్యమన్నాను. బ్రేకు పిడి నా వేళ్ళకు అందేటట్టు దగ్గరికి బిగించమన్నాను. గట్టి రబ్బరు పిడులు తీయించి మెత్తనివి వేయించాను. ఆయన స్పానరు తిప్పుతున్నంతసేపూ నేను దిగలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లోనే ఉన్నాడు. హ్యాండిలు చూసి, "నీళ్ళెట్ల తెస్తావు దీంట్లో?" అన్నాడు. మొట్టమొదట నోట్లోంచి వచ్చిన మాట అది.

"నీకు బండి ఉండాది గదా. నువ్వు తే," అన్నాను.

ఎదురింటి అక్క అరుగు మీద కూర్చుని చేతులకు ఆముదం రాసుకుంటోంది. ఆమె మొగుడూ అక్కడే ఉన్నాడు. "రా అక్కా, ఎక్కి కూర్చో. కండ్లు మూసుకోని చేతులు చాపు," అన్నాను. నవ్వుతూనే వచ్చింది. నేను స్టాండు పట్టుకున్నాను. ఆమె చేతులు చాపింది, అవి హ్యాండిలు మీద ఆగాయి. నవ్వు ఆగిపోయింది. చాలాసేపటిదాకా కళ్ళు తెరవలేదు. తెరిచాక నన్ను చూడలేదు, తన వసారా వైపు చూసింది. అక్కడ నేను తిరిగిచ్చిన కూతురి సైకిలు ఉంది.

"ఇట్లాంటిది మా ఇంట్లోనే ఉన్నింది గదమ్మీ," అంది.

నేను తల ఊపాను.

"ఇప్పుడు పోయి అడిగితే పనికి తీసుకుంటారా?"

ఆమె జాగాలోకి వేరే ఆమె వచ్చి చాన్నాళ్ళయింది. ఆ కొత్తామె సైకిలు గేటు దగ్గర రోజూ నా పక్కనే నిలబెడుతుంది. సీదా హ్యాండిలు, చెరోపక్కా ఒక క్యాను. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "ల్యాదక్కా, నీ జాగా నిండిపోయింది," అన్నాను.

అక్క సైకిలు దిగింది. ఆముదం చేతులు కొంగుకు తుడుచుకుంది. గోడకు ఆనించి ఉన్న తన సైకిలు దగ్గరికి పోయి, హ్యాండిలుకు వేలాడుతున్న ఖాళీ క్యాన్లు రెండూ పీకి వీధిలోకి విసిరేసింది. ఆమె మొగుడు లేచి నిలబడ్డాడు. అవి దొర్లుకుంటూ వచ్చి మా వాకిట్లో, మా ఆయన కాళ్ళ దగ్గర ఆగాయి. ఆయన నా వైపు చూశాడు, నేను తీస్తానని. నేను తీయలేదు.