ఏడు వద్దన్నవాడి కారు బేరం

నోట్లోంచి ఒక్క మాట జారితే వంటింటి పైకప్పు ఎగిరిపోతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. నాకు చెప్పినా నేను నమ్మేవాణ్ని కాదు. మాది మాత్రం ఎగిరిపోయింది. గాలివానకు కాదు, నా బెంగాలీకి.

ముందు కారు సంగతి చెప్పాలి. మా నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ మెయిల్ రైలు డ్రైవరుగారు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన ఎర్ర స్పోర్ట్స్ కారును నాన్నకు దాదాపు ఊరికే ఇచ్చేశారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు. సీట్లు ఎంత కిందికంటే, అందులో కూర్చుంటే రోడ్డు మీద మేకలు కూడా మనల్ని చిన్నచూపు చూసేవి.

నాన్న దాన్ని ఏళ్ళ తరబడి పెంచాడు. నడిపాడు అనడం లేదు, గమనించండి. ఆదివారం పొద్దున్న కాలనీ చుట్టూ ఒక్క రౌండు, ఆకాశంలో మబ్బు కనిపిస్తే అదీ లేదు. మాకు జ్వరమొస్తే రిక్షా, కారుకు గీత పడితే నాన్నకు సెలవు. చెప్పులు విప్పితే గానీ ఎవర్నీ లోపల కాలు పెట్టనిచ్చేవాడు కాదు. విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపులో యంత్రానికో దండ వేస్తే, మా వాకిట్లో దీనికి రెండు పడేవి. అందుకే అంత పాతదైనా షోరూములోంచి నిన్ననే దిగినట్టుండేది.

నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తాల్‌బగీచాలో మేం కట్టుకుంటున్న ఇంటి సందులో ఈ కారు ముక్కు వరకే పడుతుంది. పైగా వంటింటికి గోడలు లేచాయి గానీ శ్లాబుకు డబ్బు చాల్లేదు. ఇన్నేళ్ళూ క్వార్టర్లోని ఇరుకు వంటింట్లో పొగ మింగిన అమ్మ ఒకరోజు నాన్న ముందు నిలబడింది.

"కారైనా ఉండాల, శ్లాబైనా ఉండాల. ఏదో ఒకటి నువ్వే సెప్పు."

నాన్న కారు చుట్టూ చాలాసేపు తిరిగి వచ్చి, "అమ్మీరా. ఏడు లచ్చలొస్తే ఇంటి అప్పులు పోనూ శ్లాబు ఏసీవొచ్చు. ఏడుకి తగ్గకు" అన్నాడు నాతో.

ఊళ్ళో సలహాలకు కరువా? "ఇనుప కొట్టోడికి తూకానికి ఇచ్చీండి" అన్నాడు మా చిన్నాన్న. నేనేమో ఇంటర్నెట్లో ఎవరో విదేశీ దొర తన కారుకు పెట్టిన ధర చూసి, ఆ సున్నాలు లెక్కపెట్టలేక, ఒక రాత్రంతా కోటీశ్వరుణ్నయి పడుకున్నాను. తెల్లారాక కాస్త దిగొచ్చి, ఎనిమిదికి ప్రకటన పెట్టాను.

"బేరం నాకొదిలీ నాన్నా. బెంగాలీలతో బెంగాలీలోనే తేల్చీగలను" అన్నాను.

అప్పుడు నేను ఝపటాపూర్‌లో మొబైల్ షాపులో పని చేసేవాణ్ని. నా బెంగాలీ విని బెంగాలీలే ఆశ్చర్యపోయేవారు. అది మెచ్చుకోలు అనుకునేవాణ్ని.

వచ్చినవాడు హల్దార్ దాదా, అంటే హల్దార్ అన్న. రైల్వే కాలనీలోనే పుట్టి, మన తెలుగు పిల్లలతో ఏడుపెంకులాట ఆడి పెరిగిన మనిషి. అంకెలు తెలుగులోనే చెబుతాడు, అది ఆయనకు గర్వం. తెలుగొచ్చని మురిసే బెంగాలీ ఒకవైపు, బెంగాలీ వచ్చని మురిసే తెలుగువాడు ఒకవైపు. మధ్యలో పాపం నోరులేని కారు!

"నా కళ్ళ ముందు అమ్మకండిరా" అని నాన్న పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. దాదా బానెట్ ఎత్తి చూశాడు, తలుపు మూసి ఆ చప్పుడు విన్నాడు, సీటు వాసన చూశాడు. వచ్చి కూర్చున్నాడు.

"గాడీ ఖూబ్ భాలో. కానీ ఎనిమిది చాలా బేశీ. నేను ఏడు ఇస్తా."

ఏడు! నాన్న అడిగిన ఏడు, అమ్మ శ్లాబు ఏడు, అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడింది. బుర్ర ఉన్నవాడైతే అక్కడే చెయ్యి కలిపేవాడు. నాకు బుర్ర కంటే బెంగాలీ ఎక్కువ కదా! బెంగాలీలో "ఆరో" అంటే "ఇంకా" అని. గోడ మీది క్యాలెండరు చూస్తూ, పెద్ద వ్యాపారస్తుడిలా అన్నాను:

"ఆరో, దాదా."

దాదా టీ కప్పు పెదవుల దగ్గర ఆగిపోయింది. "ఏడు... ఆరు?"

"హా దాదా, ఆరో!"

"పక్కా?"

"పక్కా. ఆరో అంటే ఆరో. లేకపోతే బండి కదలదు."

దాదా నా ముఖంలోకి అదోలా చూశాడు. బెదిరి నా ఎనిమిదికే వస్తున్నాడనుకున్నాను. ఆయన లేచి నన్ను కౌగిలించుకుని, "ఠీక్ ఆఛే! ఆదివారం వస్తా!" అని అడ్వాన్సు చేతిలో పెట్టి, నేనెక్కడ మనసు మార్చుకుంటానో అన్నట్టు గబగబా వెళ్ళిపోయాడు.

పెరట్లోకి పరిగెత్తి "ఎనిమిదికి ఒప్పించీసినాను!" అని అరిచాను. నాన్న దూది పీచు పట్టుకుని కారు తుడవడానికి వెళ్ళాడు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే మేస్త్రికి కబురు పెట్టింది, శ్లాబుతో పాటు గోడలకు నీలం టైల్సు కూడా కావాలని.

ఆదివారం దాదా, ఆయన భార్య కలిసి వచ్చారు. మిగతా డబ్బు ఫోన్లో పంపాడు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని మెసేజి చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఒరే, అడ్వాన్సుతో కలిపినా ఇది ఆరే గదరా!"

దాదా నా భుజం తట్టాడు. "మీ అబ్బాయి దేవుడు, దాదా! నేను ఏడు అన్నా. అతను ఆరు అన్నాడు. మళ్ళీ అడిగా, ఆరు? ఆరు అంటే ఆరు, లేకపోతే బండి కదలదు అన్నాడు! ఇలాంటి వ్యాపారం నేను ఎక్కడా చూడలేదు."

నాన్న మెల్లగా నా వైపు తిరిగాడు. "ఏటన్నావురా నువ్వు?"

"ఆరో అన్నాను నాన్నా. బెంగాలీలో."

"ఆయన తెలుగులో సెప్తంటే నువ్వు బెంగాలీలో ఎందుకన్నావురా?"

నేను వంగి కారు టైరులో గాలి చూడసాగాను.

గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఓలమ్మ! ఏడిస్తానంటే ఒద్దనీసినావా? మరిప్పుడు కూకుని ఏడు!"

సంగతి అర్థమయ్యాక దాదా మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పాపం మంచివాడు. "అన్యాయం వద్దు, నేను ఏడే ఇస్తా" అన్నాడు. అప్పుడు బౌదీ, అదే వదినగారు, ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు తెలుగు, బెంగాలీ తేడా లేదు, పెళ్ళయిన వాళ్ళందరికీ అర్థమవుతుంది.

"ఆరున్నర" అన్నాడు దాదా, నేల చూస్తూ.

నాన్న ఒప్పుకున్నాడు. తాళాలిచ్చే ముందు జేబులోంచి వర్క్‌షాపు దూది పీచు తీసి బానెట్ ఒకసారి తుడిచాడు. "మబ్బేస్తే బయటికి తియ్యకండి దాదా" అన్నాడు. దాదా మారు మాట్లాడకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని కారెక్కాడు. అది చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అరలక్ష పోయినందుకు కాదు. సందు మలుపు తిరిగేదాకా నాన్న ఆ ఎర్ర వీపును చూస్తూనే ఉన్నాడు.

తెగ్గోసిన ఆ డబ్బుతో వంటింటికి సగం శ్లాబు పడింది, మిగతా సగానికి రేకు. పొయ్యి శ్లాబు కిందకు వచ్చింది, అమ్మ రేకు కిందకు వచ్చింది. నీలం టైల్సు కొట్లోనే ఉండిపోయాయి. వాన పడితే ఆ రేకు మీద మోతకు ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నా మాట వినపడకపోవడం ఇంటికి మంచిదేనంటుంది అమ్మ. ఆ వంటింటికి ఆవిడ "ఆరో గది" అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఉన్నవి మూడే గదులు.

అందుచేత పాఠక మహాజనులారా, మీ అందరి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఆ మాట నా నోట రాదు. ఎవరైనా ఏడిస్తానంటే కళ్ళు మూసుకుని పుచ్చుకుంటాను. పొద్దున్న ఇడ్లీలు ఇంకా కావాలంటే కంచం చాపుతాను తప్ప నోరు విప్పను.

మొన్నొకసారి పొరపాటున విప్పాను. అమ్మ ఆరు వేసింది.